ఇరవైరెండు ఇళ్ళ చెరకు

ఎనభై నాలుగులో, ట్రాక్టరు కొన్న మూడో నెలలో, వీరప్ప చెరకు కొట్టి తెమ్మని మిల్లునుంచి నరుకుడు చీటీ వచ్చింది. ఊరికంతటికీ ఆ ఏడు అదే మొదటి చీటీ. ముప్పై ఏళ్ళు ఎద్దుల బండి తోలిన మనిషి వీరప్ప. బరువెక్కువైతే ఎద్దు మొరాయిస్తుంది, ఆయనకు తెలిసిన తూకం అదొక్కటే. ట్రాక్టరు మొరాయించదు. చిక్కంతా అక్కడే వచ్చింది.

బండి అప్పజెప్పిన రోజే మెకానిక్ వడివేలు తమిళంలో విడమరచి చెప్పాడు. ఇంజను ఎంత లాగుతుందని కాదు, దిగుడులో బ్రేకు ఎంత ఆపుతుందని చూసుకోవాలి. ట్రైలరుకు సొంత బ్రేకు లేదు, దాన్నీ దానిమీది సరుకునూ ట్రాక్టరే ఆపాలి. కాబట్టి సరుకు మూడు టన్నులు దాటకూడదు. ట్రైలరు పక్కపలక మీద ఆ అంకె తెల్లరంగుతో రాసే ఉంది. వీరప్ప సరే సరేనన్నాడు. ఇంటికొచ్చాక పూజలో ఆయన భార్య గౌరమ్మ ఆ పలకంతా పసుపు పూసింది. అంకె పసుపు కిందికి పోయింది, వడివేలు మాట గాలికి పోయింది.

ఊళ్ళో ఒక ఆనవాయితీ ఉంది. ఏడాదిలో మొదటి చెరకు బండి ఎవరిదైనా సరే, అయినవాళ్ళందరూ ఇంటికొక కట్ట తెచ్చి దానిమీద వేస్తారు. తమ చెరకు కూడా మొదటి బండిలో పోతే కలిసొస్తుందని నమ్మకం. ఎద్దుల కాలంలో నాలుగు కట్టలు పడగానే బండివాడు ఎద్దుల వంక చూపించేవాడు, మిగతావాళ్ళు నవ్వి ఊరుకునేవాళ్ళు. ట్రాక్టరుకు ఆ సాకు ఎక్కడిది? వీరప్ప సొంత చెరకే మూడు టన్నులు. దానిమీద ఇరవైరెండు ఇళ్ళవాళ్ళు, మిషనే కదా అని, రెండేసి మూడేసి కట్టలు ఎక్కించారు. పెదనాన్న కొడుకు సుబ్బరాయన్ ఏకంగా ఐదు వేశాడు. ఒక్కరినీ వద్దనలేకపోయాడు వీరప్ప. వద్దంటే రేపు మంచికీ చెడ్డకూ ఎవరూ గడప తొక్కరు.

మిల్లుకు పోయే దారిలో మొదటి దిగుడు చిన్నది, గట్టిగా వంద అడుగులు లేదు. వీరప్ప బ్రేకు తొక్కాడు. బండి ఆగలేదు. వెనకనుంచి ఎద్దు కుమ్మినట్టు ట్రైలరు ట్రాక్టరును తోసింది, తోక పక్కకు జారింది. మడ్‌గార్డు మీద కూర్చున్న గౌరమ్మ ఆయన భుజాన్ని గోళ్ళు దిగేలా పట్టుకుంది. ముందు రోడ్డు మళ్ళీ ఎగువకు తిరిగింది కాబట్టి బండి ఆగింది గాని, వీరప్ప గొప్పతనం అందులో ఏమీ లేదు.

ముందున్నది మారండహళ్ళిలోకి దిగే పెద్ద దిగుడు. ఆ రోజు సంత. కిందంతా బస్సులు, కూరగాయల గంపలు, జనం. మొదటి గేరులో మెల్లగా పోతే ఏమీ కాదని రెండుసార్లు అనుకున్నాడు. రెండుసార్లూ నమ్మలేకపోయాడు.

గౌరమ్మ దిగి రోడ్డు మీద నిలబడింది.

"నువ్వు బండిని తోలలేదు, బండే నిన్ను తోసింది. బరువు దించితేనే నేను ఎక్కేది."

"ఎవురిది దించేది? సుబ్బరాయన్ చెరకు రోడ్డులో పారేస్తే రేపు వాని ముకం ఎట్ల చూసేది?"

"అయితే మనది దించు."

వాళ్ళది అడుగున ఉంది. మిట్టమధ్యాహ్నం ఎండలో ఇద్దరూ చుట్టాల చెరకంతా దించారు. తర్వాత తమది తీశారు. కట్ట ఇరవై కిలోలని వీరప్ప భుజానికి తెలుసు. యాభై తీస్తే టన్ను, ఇంచుమించు చుట్టాలు వేసినంత తగ్గుతుంది. భయం తీరక ఇంకో ఇరవై తీశాడు. ఏడాది నీళ్ళూ ఎరువూ రోడ్డు పక్కన ఎండుతుంటే చూడలేక తల తిప్పుకున్నాడు. చుట్టాల కట్టలు ఒక్కటి మిగల్చకుండా మళ్ళీ ఎక్కించారు.

గౌరమ్మ ఎక్కింది. మొదటి గేరు. కాలు బ్రేకు మీద. సగం దిగేసరికి వంకాయల గంప నెత్తిన పెట్టుకుని ఒక ముసలమ్మ అడ్డంగా రోడ్డెక్కింది. హారను కొట్టాడు. ఆమెకు వినబడలేదు. బ్రేకు తొక్కాడు.

బండి ఆగింది. రెండు బారల దూరంలో ఆగింది.

ముసలమ్మ అటు తిరిగి కూడా చూడలేదు. గంప సర్దుకుంటూ, తీరిగ్గా దాటిపోయింది. ఆమె దాటినంతసేపూ వీరప్ప కాలు బ్రేకు మీదే బిగుసుకుపోయి ఉంది. దాటిపోయాక కూడా కాలు రాలేదు. కళ్ళలో నీళ్ళు తిరిగి ముందున్న రోడ్డు కనబడలేదు.

"ఇంకా కొంచెంసేపు నిలుపు. నాకూ కాళ్ళు ఆడలేదు" అంది గౌరమ్మ.