చిన్న టిన్ను రుచి

పొట్టివాడికి పుట్టెడు బుద్ధులంటారు. నాకు అన్ని బుద్ధులు లేవు గాని, చెప్పుకోవడానికి పుట్టెడు కబుర్లున్నాయి. నేను ఒక చిన్న బీరు టిన్నును.

మొదట నేను పెద్ద అల్యూమినియం చుట్టలో ఒక భాగాన్ని. ఒక అచ్చు దిగి నన్ను బిళ్లగా కోసింది. ఇంకొకటి ఆ బిళ్లను గిన్నెలా వంచింది. మరొకటి ఆ గిన్నెను పట్టుకుని పైకి సాగదీసింది. ఒళ్లు ఎంత పలచబడిందంటే, ఖాళీగా ఉన్నప్పుడు రెండు వేళ్లతో నొక్కితే సొట్ట పడతాను. తర్వాత కడిగి, ఆరబెట్టి, రంగులు వేశారు. రేకు రుచి బీరుకు అంటకూడదని కడుపులో కంటికి కనిపించని పూత పూశారు. పెళ్లికి ముస్తాబవుతున్నంత సంబరంగా ఉండింది నాకు.

సంగారెడ్డి అవతల ఉన్న బీరు ఫ్యాక్టరీలో మమ్మల్ని వరుసగా నిలబెట్టారు. పక్క వరుసలో పెద్ద టిన్నులు, నాకంటే మూడు వేళ్ల పొడుగు. వాళ్ల దర్జా చూసి, వాళ్లలో పోసేది ఏదో గొప్ప బీరు అనుకున్నాను. తీరా చూస్తే ఒకే తొట్టి. ఒకే గొట్టం చీలి కొంత అటు, కొంత ఇటు పారుతోంది. ఆ సంగతి కళ్లారా చూశాను కాబట్టే, తర్వాత హనుమకొండలో జరిగిన తగవు నన్ను అంతగా ఊపేసింది.

హనుమకొండలో ఒక వైన్‌షాపు ఫ్రిజ్‌లో ఉన్నాను. ఒక ఆదివారం పగటిపూట మార్కండేయ అనే ఆయన వచ్చాడు. మోటార్లకు వైండింగ్ చేసే షాపు ఆయనది. చొక్కా జేబులో టెస్టరు, వేళ్లకు వార్నిష్ మరకలు.

“చిన్న టిన్నొకటి, పెద్ద టిన్నొకటి ఇయ్యి. రెండూ ఒక్కతీరుగ సల్లగుండాలె. మా బామ్మర్దితోని తేల్చుకునేదున్నది” అన్నాడు.

“ఏం తేల్చుకుంటవే?” అన్నాడు షాపతను.

“చిన్న టిన్నుల బీరుకున్న రుచి పెద్దదాంట్ల ఉండదంట నేను. రెండూ ఒక్కటే అంటడు వాడు. పోయిన ఐతారం మాటమీద మాట వెరిగింది. ‘నాలికె లేనోనివి, నువ్వేం వంటమాస్టరువిరా’ అన్న. తినేటోడు సగంల లేశిపోయిండు. అప్పటిసంది మాట్లాడుతలేడు.”

షాపతను నవ్వాడు. మార్కండేయ నవ్వలేదు.

ఆ బామ్మర్ది పేరు సారంగపాణి. పెళ్లిళ్లకు వంట చేస్తాడు. పాణి మాస్టర్ బగారన్నమంటే ఇటు హనుమకొండ నుంచి అటు పరకాల దాకా జనం కండువా సర్దుకుని కూర్చుంటారు. అతని భార్య సుగుణ మార్కండేయకు చెల్లెలు; ఆమె కూడా అతనితోపాటే వంటల దగ్గరికి వెళ్తుంది. బావాబామ్మర్దులు ఎడమొహం పెడమొహంగా ఉండటం చూడలేక పందెం పెట్టింది ఆవిడే. ఇద్దరూ కళ్లకు గంతలు కట్టుకుని తాగాలి. ఓడినవాడు గెలిచినవాడితో చెయ్యి కలపాలి.

నన్నూ, నా పొడుగన్ననూ సుగుణ వాళ్ల వంటింట్లో బండమీద పెట్టారు. నా గుండె ఎలా కొట్టుకుందో మీకెలా చెప్పను? ఇద్దరు మగవాళ్ల మాట, పరువు, బంధుత్వం నా పొట్టలో ఉన్నాయి. సుగుణ రింగు లాగింది. బుస్సుమన్నాను. ఒకేలాంటి మూడు స్టీలు గ్లాసులు వరుసగా పెట్టి, ఒకదాంట్లో నా బీరు, రెండోదాంట్లో పెద్దదాని బీరు పోసింది. మూడోదాంట్లో కూడా పెద్దదాని బీరే పోసి, ఒక్క క్షణం ఆగి, కొంటెగా నవ్వుకుంది. అలమరలోంచి బిర్యానీలో సువాసనకు వేసే కేవడా సీసా తీసి నాలుగు చుక్కలు వేసింది.

“ఇద్దరి నాలికెల సంగతేందో ఇయ్యాల సూస్త” అని తనలో తాను అనుకుంది.

గ్లాసుల పళ్లెంతోపాటు మా ఇద్దరినీ ముందుగదిలోకి తెచ్చి బల్లమీద పెట్టింది. కళ్లకు తువ్వాళ్లు కట్టుకుని ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. ముందు సారంగపాణి వంతు. మొదటి గ్లాసులో ఒక గుక్క, రెండో గ్లాసులో ఒక గుక్క. మూడో గ్లాసు నోటిదాకా వచ్చేసరికి సుగుణ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కేవడా ఘుమఘుమ అప్పటికే గదంతా పరుచుకుంది.

అతను తాగాడు. మళ్లీ తాగాడు. గ్లాసు కింద పెట్టి, గెలిచినవాడిలా వెనక్కి వాలాడు.

“మూడూ ఒక్కటే. నేను జెప్పలే?”

సుగుణ పరాచికమనుకుంది. “మూడోది ఇంకోపారి తాగు.”

అతను గ్లాసంతా ఖాళీ చేశాడు. “ఎన్నిసార్లు తాగినా గంతేనే. ఒక్కటే బీరు.”

కళ్లకు గంతతోనే ఉన్న మార్కండేయ మెడ చాచి గాలి పీల్చాడు. “చెల్లే, బిర్యానీ ఏమన్న దించినవా? కేవడా వాసన గుప్పుమంటున్నది.”

సుగుణ ముఖంలోంచి నవ్వు పోయింది. సారంగపాణి నెమ్మదిగా తువ్వాలు విప్పి భార్యను చూశాడు, బావను చూశాడు. ఖాళీ గ్లాసును ముక్కు దగ్గర పెట్టుకుని ఒకసారి పీల్చాడు. ఇంకోసారి గట్టిగా పీల్చాడు.

“కేవడానా? ఏ గిలాసల?” అన్నాడు.

ఆ గొంతు విన్నాక పందెం సంగతి నేను కూడా మరిచిపోయాను.

“ఎప్పటిసంది?” అంది సుగుణ, పక్కన కూర్చుంటూ.

“వానకాలంల జరం వచ్చింది సూడు, అప్పటిసంది. జరం పోయింది. వాసన రాలే. ఉప్పు తెలుస్తది, కారం తెలుస్తది. ఇంకేం తెల్వది.”

“పుట్టెంటికెల దావత్ల మసాలా పచ్చివాసన పోకముందే కూర దించినవని నేనంటే నామీద గయ్యిమంటివి.”

“నువ్వు నిజమే జెప్తున్నవని ఎర్కనే. అందుకే గయ్యిమన్న.” అతను చేతుల్లోకి చూసుకున్నాడు. “కంటితోని, చేత్తోని అలవాటు మీద వండుతున్న. జెప్తే ఎవలు పిలుస్తరే, ముక్కు లేని వంటోన్ని?”

మార్కండేయ గంత ఎప్పుడు విప్పుకున్నాడో నేను చూడలేదు. బామ్మర్ది చెయ్యి రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

“నాలికె లేనోనివంటి గదరా. తెల్వక అన్న పాణీ.”

“తెలిసే అన్నవనుకున్న బావా. అందుకే లేశిపోయిన.”

సుగుణ కళ్లు తుడుచుకుని మిగతా రెండు గ్లాసులు అన్న ముందు పెట్టింది. “నువ్వు గూడ తాగన్నా. పందెమైతే కానియ్యి.”

ఆయన మళ్లీ గంత కట్టుకుని, రెండూ చప్పరించి చప్పరించి, ఒక గ్లాసును పైకెత్తాడు. “ఇదే చిన్న టిన్నుది. సూడు, ఎట్ల గుంజుతున్నదో.”

అది పెద్దదాని బీరు.

ముందు సారంగపాణి నవ్వాడు. తర్వాత ముగ్గురూ నవ్వారు. “పెద్ద టిన్ను పట్టుకుంటే ముచ్చట్లు వెట్టుకుంట గంటసేపు కూసుంటవన్నా. చేతి వేడికి సగం బీరు గోరువెచ్చగైతది, గ్యాసు పోతది. గిలాసల వోసి సల్లగ తాగితే తేడా ఏమున్నది?” అంది సుగుణ. సంతోషంతో ఎగిరి గంతేయాలనిపించింది నాకు. అదే తొట్టి, అదే గొట్టం అని అరిచి చెప్పాలని ఎంత ఆరాటపడ్డానో! పందెం ఎవరిదో తేలకుండానే ఇద్దరూ చెయ్యి కలిపారు.

ఖాళీ టిన్నుగా నా బతుకు అక్కడితో ముగిసి, పాతసామాను బండి ఎక్కాల్సిందే. కాని మర్నాడు సుగుణ భర్తను ముక్కు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. జ్వరాల తర్వాత కొందరికి ఇలా అవుతుందట. లవంగాలు, నిమ్మతొక్క, గులాబీ, నీలగిరి నూనె రోజూ పొద్దునా సాయంత్రం శ్రద్ధగా వాసన చూడమన్నాడు డాక్టరు. వస్తుందని మాట ఇవ్వలేదు. రాదనీ అనలేదు.

మార్కండేయ నన్ను తన షాపుకు తీసుకెళ్లి, మూత కోసి, అంచు చేతికి గీసుకోకుండా ఆకురాయితో నున్నగా రాశాడు. నా కడుపులో లవంగాలు పోశారు. బీరు ఫ్యాక్టరీలో పుట్టిన ఏ టిన్నుకైనా ఇంత మర్యాద దక్కిందా? రోజూ రెండుపూటలా సారంగపాణి ముక్కు నా అంచుకు ఆనేది. కళ్లు మూసుకుని లోపలికి పీల్చేవాడు. నేనూ ఊపిరి బిగబట్టేదాన్ని. అతను తల అడ్డంగా ఊపి నన్ను పక్కన పెట్టేవాడు.

ఈలోగా పరకాలలో పెళ్లి ముంచుకొచ్చింది. ఎప్పుడో ఒప్పుకున్న వంట అది. సారంగపాణి పెళ్లిపిల్ల తండ్రికి ఉన్నమాట చెప్పేశాడు. ఆయన కాసేపు ఆలోచించి, “నాకు నీ చెయ్యి గావాలె మాస్టరూ. ముక్కు ఎవలదైతేంది?” అన్నాడు.

ఆ ముక్కు మార్కండేయది. షాపు మూసి, పొద్దున్నే వచ్చి, పొయ్యిమీది డేగిసాల పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాడు. వంట సంచిలోంచి నేనంతా చూశాను. మసాలా నూనెలో పడింది. పొగ లేచింది. సారంగపాణి గరిటె తిప్పుతూ అడిగాడు.

“బావా, ఏమొస్తున్నది?”

“పచ్చిగనే ఉన్నది.”

ఇంకాసేపు తిప్పాడు. “ఇప్పుడు?”

“ఇంక పచ్చే. జర ఆగు.”

సుగుణ మంట తగ్గించింది. నూనె పైకి తేలింది.

“ఇప్పుడు బావా?”

మార్కండేయ స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు. “ఇప్పుడు ఆకలైతున్నది.”

కూర దించారు. ఆ రోజు పంక్తిలో రెండోసారి, మూడోసారి అన్నం పెట్టించుకున్నవాళ్లను చూస్తూ సారంగపాణి గుడారం గుంజకు ఆనుకుని నిలబడిపోయాడు. బావ మాత్రం వచ్చినవాళ్లందరికీ తన ముక్కు గొప్ప చెప్పుకుంటూ తిరిగాడు.

చలికాలం వచ్చింది. ఒక పొద్దున సారంగపాణి వాకిట్లో కూర్చుని ఎల్లిగడ్డలు వలుస్తున్నాడు. సుగుణ పెరట్లో బట్టలు ఆరేస్తోంది. నేను వంటింటి గూట్లో ఉన్నాను. పొయ్యిమీద పాలు పొంగి, మంటమీద పడి, చిటపటలాడి, నల్లగా మాడసాగాయి.

వాకిట్లోంచి కేక వినిపించింది. “సుగుణా, పాలు మాడుతున్నయే!”

ఆమె తడి చేతులతో పరుగున వచ్చింది. అతనూ వచ్చి గుమ్మంలో ఆగిపోయాడు. చేతిలోని ఎల్లిగడ్డ పొట్టు నేలరాలింది.

“నీకెట్ల తెలిసింది?” అంది సుగుణ.

అతను మళ్లీ గాలి పీల్చాడు. ఆమె అతని రెండు చేతులూ పట్టుకుంది. ఇద్దరూ ఆ పొగలో నిలబడి, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ, గుండెనిండా పీలుస్తూ నవ్వుతున్నారు. పొయ్యి ఆర్పాలన్న ధ్యాస చాలాసేపటిదాకా ఇద్దరికీ లేదు.