సెక్షన్‌కి ఒక పేరు

కౌంటరు ముందు క్యూ మెట్ల దాకా సాగింది. పింఛను ఎందుకు ఆగిపోయిందో కనుక్కుందామని వచ్చిన ముసలివాళ్ళు గోడకి ఆనుకుని నిలబడ్డారు. పొద్దుటి నుంచీ నెట్ నడుస్తూ ఆగుతూ ప్రాణం తీస్తోంది. ఆపరేటరమ్మ నలభై మూడో మనిషి నంబరు కొడుతుండగా సూపరింటెండెంటు ఒక కాగితాల కట్ట తెచ్చి సరిగ్గా ఆమె కీబోర్డు మీద పెట్టాడు.

"ఐదింటికల్లా ఇది తయారవ్వాలి."

"బయట జనం ఉన్నారు సార్."

"జనం రేపూ ఉంటారు. ఇది ఇవాళ పైకి వెళ్ళాలి."

పదకొండేళ్ళుగా ఆమెని అందరూ ఆపరేటరమ్మ అనే పిలుస్తారు. కాంట్రాక్టు ఉద్యోగం, ఏడాదికోసారి కొత్త కాగితం. ఆ కట్టలో ఏముందో పై పేజీ చూడగానే తెలిసింది. సెక్షన్‌లో ఏ కంప్యూటర్ మీద ఎవరు ఏ రోజు ఏం తెరిచారో, ఎంతసేపు చూశారో, నెల రోజుల లెక్క. ఆఫీసు నెట్ ఆఫీసు పనికే వాడాలనీ, సొంత పనులేమన్నా ఉంటే భోజనం వేళలో అరగంటనీ, వీడియోలు అసలు కూడదనీ కొత్తగా ఆర్డరు వచ్చింది. ప్రతి వరస పక్కనా 'ఆఫీసు పని' అనో 'సొంత పని' అనో టిక్కు పెట్టి, తయారుచేసినవారి చోట ఆమె సంతకం చెయ్యాలి.

"సెక్షన్‌కి ఒక పేరన్నా పంపాలట," అన్నాడు సూపరింటెండెంటు గొంతు తగ్గించి. "ఒక్కటీ లేకపోతే మనం కట్ట విప్పనేలేదనుకుంటారు."

"ఎవరి పేరు సార్?"

అతను కిటికీ పక్క సీటు వైపు కనుబొమ్మ ఎగరేశాడు. "కొత్తమ్మాయివి వీడియోలే ముప్పై ఎనిమిది గంటలు. ఇంకా ప్రొబేషన్‌లోనే ఉంది, గొడవ లేకుండా అయిపోతుంది. సీటు ఖాళీ అయితే ఛార్జి నీకిప్పిద్దామని ఉంది. పదకొండేళ్ళాయె, పాపం."

ఆపరేటరమ్మ తల వంచుకుంది. నవ్వు కనపడకూడదని. చాలా రోజుల తర్వాత కడుపు చల్లబడింది.

కొత్తమ్మాయి వచ్చి ఏడు నెలలు. ఇరవై నాలుగేళ్ళ పిల్ల, పరీక్ష రాసి వచ్చింది. మొదటి నెలే నలభై ఒక్క వేలు అందుకుంది. పదకొండేళ్ళు అరగదీశాక ఆపరేటరమ్మకి వచ్చేది పద్నాలుగున్నర వేలు. ఆ పిల్ల ఒంట్లో బాగాలేదని నాలుగు రోజులు రాకపోతే సెలవు. ఆపరేటరమ్మ జ్వరంతో ఆరు రోజులు పడుకుంటే ఆరు రోజుల జీతం కోత. ఫ్యాను ఆ పిల్ల నెత్తి మీద, చేతులున్న కుర్చీ ఆ పిల్ల కింద. ఇన్నీ ఉండి ఆ పిల్లకి పని రాదు! రెండు లిస్టులు పక్కపక్కన పెట్టి, చనిపోయినవాళ్ళ పేర్లు తీసెయ్యడం కూడా రాదు. పని ఈమెది, కింద సంతకం ఆ పిల్లది. ఆ పిల్ల నవ్వితే ఈమెకి ఒళ్ళు మండేది. నవ్వకపోతే పొగరనుకునేది.

ఇంట్లోనూ అదే పాట. కుట్టు మిషను ముందు కూర్చున్న మొగుడు ఒకరోజు నవ్వేశాడు. "ఆ పిల్ల ఊసెత్తకుండా నీకు ముద్ద దిగదా? పెళ్ళయిన కొత్తలో నన్ను కూడా ఇంతగా తలుచుకోలేదే నువ్వు."

"నువ్వూ నలభై వేలు తీసుకురా, కూర్చుని నిన్నే తలుచుకుంటా," అంది ఆమె.

మొదట్లో ఆ పిల్ల చిన్న నోటుబుక్కు పట్టుకుని వచ్చేది. "అక్కా, ఒక్క నిమిషం... ఈ రెండు లిస్టులూ ఎలా కలుపుతారో చూపిస్తారా?" ఆపరేటరమ్మ మానిటర్‌ని గోడ వైపు కాస్త తిప్పుకునేది. "చూస్తున్నావుగా, చేతినిండా పని. రేపు చూద్దాంలే." మూడు వారాలు అలా రేపులు గడిచాయి. తర్వాత ఆ పిల్ల అడగడం మానేసింది.

అది కేవలం కుళ్ళు కాదు, భయం కూడా. వాళ్ళకి పోస్టుంది. ఈమెకున్నది పని ఒక్కటే. అది కూడా చెప్పేస్తే వచ్చే ఏడు ఈమె కాగితం మీద సంతకం పెట్టాల్సిన అవసరం ఎవరికుంటుంది? పదకొండేళ్ళ క్రితం ఈమె చేరినప్పుడు పాత ఆపరేటర్ కూడా మోచేతులు అడ్డం పెట్టుకునే టైపు చేసేవాడు. అతని వెనక ఫైళ్ళు సర్దుతున్నట్టు నటిస్తూ, దొంగచూపులు చూసి నేర్చుకుంది.

కౌంటరు కొత్తమ్మాయికి అప్పజెప్పి టిక్కులు మొదలుపెట్టింది. సూపరింటెండెంటు వరసలు ముందొచ్చాయి. ఇళ్ళ స్థలాల ధరలు, షేర్ల ధరలు, మళ్ళీ స్థలాలు. ఆఫీసు పని, ఆఫీసు పని, ఆఫీసు పని. అలవాటైన చెయ్యి, ఆగలేదు.

కొత్తమ్మాయివి నాలుగు పేజీలు. వాటికోసమే కాస్త నీళ్ళు తాగి, సర్దుకుని కూర్చుంది. సినిమాలా? పాటలా? ఎవడితోనైనా కబుర్లా? ఏదయితేనేం, ఇంటికెళ్ళి మొగుడికి చెప్పాలి.

'రెండు పట్టికలు కలపడం ఎలా.' మధ్యాహ్నం ఒంటిగంటా పన్నెండు నుంచి నలభై నిమిషాలు. 'ఒకే పేరు రెండుసార్లు వస్తే తీసెయ్యడం ఎలా.' సాయంత్రం ఐదున్నర నుంచి ఏడుంబావు, అందరూ వెళ్ళిపోయాక. 'తేదీలు తప్పుగా పడితే సరిచెయ్యడం ఎలా.' పేజీ తిప్పింది. అన్నీ అవే.

ముందు ఆమెకి వచ్చింది జాలి కాదు, మంట. నా అవసరమే లేకుండా నేర్చేసుకుంటోందన్నమాట! నాకు రెండేళ్ళు పట్టిన పని, ముప్పై ఎనిమిది గంటల్లో! 'సొంత పని' గడిలో పెన్ను పెట్టి గట్టిగా నొక్కింది. మొదటి పేజీ అంతా అలాగే కొట్టేసింది.

మూడో పేజీ మధ్యలో ఒక వరస మిగతావాటిలా లేదు. 'కొత్త ఆఫీసులో పక్క సీటువాళ్ళు మాట్లాడకపోతే ఏం చెయ్యాలి.' మధ్యాహ్నం ఒంటిగంటా ముప్పై ఒకటికి, పదకొండు నిమిషాలు.

ఆ పక్క సీటు తనదే. ఆ పిల్ల ఆ పదకొండు నిమిషాలూ కంప్యూటర్‌ని ఆ మాట అడుగుతున్నప్పుడు, తను నాలుగడుగుల దూరంలో వీపు తిప్పుకుని అన్నం తింటూ ఉంది. ఆపరేటరమ్మకి సిగ్గేసింది. ఎవరూ చూడటం లేదని తెలిసినా మొహం వేడెక్కిపోయింది.

ఖాళీ ఫారం మళ్ళీ ప్రింటు తీసుకుని మొదటి పేజీ నుంచి వేరేగా రాసింది.

ఐదింటికి సూపరింటెండెంటు ఆ కాగితాలు నిలబడే తిరగేశాడు. "ఇదేంటి, ఈ అమ్మాయివన్నీ ఆఫీసు పనని పెట్టావ్?"

"పని నేర్చుకోడానికి చూసిందండీ. ఆ వీడియోల పేర్లు చదవండి."

"వీడియో అంటే వీడియోనే. ఆర్డర్లో మంచి వీడియో, చెడ్డ వీడియో అని రాయలేదు."

"స్థలాల ధరలు చూడొచ్చని కూడా రాయలేదు సార్."

ఆ మాట నోరు జారిందో, కావాలనే అందో ఆమెకే తెలీదు. అతని మొహంలో రంగు మారింది. కింద రిమార్కుల గడిలో ఆమె చేతిరాత కనిపించి పైకే చదివాడు. "'నేర్పాల్సిన మనిషి నేర్పనందువల్ల.' ఎవరా మనిషి?"

"నేనే సార్. చేరిన కొత్తలో వచ్చి అడుగుతుంటే రేపు రేపని తప్పించుకు తిరిగాను."

"నీకేమన్నా మతిపోయిందా? నీ కాగితం కూడా ఈ నెలాఖరుకే కదా రావాల్సింది?"

"అవునండీ."

"మరి? సీటిప్పిస్తానంటే కాలితో తన్నుకుంటావా? ఇదంతా కొట్టేసి సరిగ్గా రాసివ్వు. ఒక పేరు లేకుండా ఇది గుమ్మం దాటదు." జేబులోంచి పెన్ను తీసి, మూత కూడా తనే విప్పి అందించాడు.

కౌంటరు దగ్గర కొత్తమ్మాయి ఒక్కో అంకే వెతుక్కుంటూ కొడుతోంది. "తాతా, నంబరు ఇంకోసారి చెప్పు. తప్పు పడింది," అంటోంది. ఎంత నెమ్మది! ఆపరేటరమ్మకి మళ్ళీ చిర్రెత్తుకొచ్చింది. ఆ కుర్చీ ఇప్పటికీ కావాలి. ఆ ఫ్యాను గాలి కావాలి, నలభై ఒక్క వేలు కావాలి, జ్వరమొస్తే జీతంతో పడుకునే మంచం కావాలి. ఇవన్నీ ఆ పిల్లకి ఉండి తనకి లేనందుకు కడుపు రగులుతూనే ఉంది. కాని వాటిని తనకి ఇవ్వకుండా పదకొండేళ్ళు ఆపింది ఆ పిల్ల కాదు.

"నేను రాయను సార్," అంది.

కౌంటరు దగ్గర టైపు చప్పుడు ఆగింది. సూపరింటెండెంటు పెన్ను అలాగే చాచి పట్టుకున్నాడు. ఆపరేటరమ్మ రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడింది.