సాయంత్రం క్లాసు

"బీరకాయ పీచు సరిగ్గా తియ్యలేదు" అన్నారు మా ఆయన ఉపేంద్ర, కూర మొత్తం తిన్నాక. ఆయనది దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్, నాది సరూర్‌నగర్‌లో గవర్నమెంటు హైస్కూలు. ఇద్దరం లెక్కలే చెబుతాం. ఆయన చెబితే అది కెరీర్, నేను చెబితే కాలక్షేపం. "మీ బడిలో చదివేదెవరు, చెప్పేదెవరు జ్యోతికా!" అని నవ్వుతారు. నేను ఆయన బాక్సు సర్ది, నా బాక్సు సర్ది, గిన్నెలు నానబెట్టి బస్సెక్కుతాను.

బడికి వెళ్ళగానే హెడ్మాస్టరు పట్టాభి గారు పిలిచారు. "టెన్త్‌లో అందరూ గట్టెక్కుతారు, ఒక్క పల్లవి తప్ప. ఆ పిల్ల వల్ల మన నూరు శాతం పోతుంది మేడమ్. ఈ ఏడు పరీక్ష ఫీజు కట్టొద్దని, తర్వాత ప్రైవేటుగా రాసుకోమని వాళ్ళమ్మకు చెప్పండి. మీరైతే మెత్తగా చెబుతారు."

పిల్ల చదువు పీక నొక్కడానికి కూడా ఆడదాని మెత్తటి చేతులే కావాలి కాబోలు.

మధ్యాహ్నం పల్లవి తల్లి సత్తెమ్మ హెడ్మాస్టరు గదికి వచ్చింది. బాటసింగారం పండ్ల మార్కెట్‌లో కాయలు ఏరే పని ఆమెది. "పొద్దున స్పెషల్ క్లాసుకు పిల్లను ఎందుకు పంపవు?" అన్నాను, కాస్త గట్టిగానే.

"ఎట్ల పంపాలె మేడం? నేను చీకట్లనే పనికి పోతా. అది వండితేనే వాళ్ళ నాయన, అన్న తిని పోతరు. సాయంత్రం క్లాసుంటదంటే మస్తు సంబరపడ్డది. మీరే వద్దన్నరంట గద?"

నేనా! ఆ క్లాసు పెడదామని అడిగిందే నేను, తర్వాత కుదరదన్నది హెడ్మాస్టరు. పట్టాభి గారి వైపు తిరిగాను. ఆయన కళ్ళజోడు తీసి తుడవడం మొదలుపెట్టారు. "మీవారు ఫోన్ చేశారు కదా మేడమ్. ఇంట్లో ఇబ్బందవుతోందనీ, మీరు మొహమాటంతో చెప్పలేకపోతున్నారనీ... మీకు తెలిసే అనుకున్నాను."

ఒళ్ళు మండిపోయింది. నా క్లాసును నాకు తెలియకుండా ఇద్దరు మగవాళ్ళు ఫోన్లో రద్దు చేసుకున్నారు. వాళ్ళింట్లో పొద్దుటి వంట, మా ఇంట్లో రాత్రి వంట కలిసి ఆ పిల్ల పదో తరగతిని మింగేస్తున్నాయి. మొద్దు అన్న పేరు మాత్రం దానికి.

"సత్తెమ్మా, పల్లవికి ఫీజు కట్టు. ఈ రోజు నుంచే సాయంత్రం క్లాసు. చీకటి పడితే నేనే ఇంటిదాకా తీసుకొచ్చి దింపుతాను" అన్నాను.

"మీవారిని ఒకమాట అడిగి..." అని నసిగారు పట్టాభి గారు. నేను సుద్దముక్క తీసుకుని బయటికి వచ్చేశాను.

క్లాసు మధ్యలో ఫోన్ మోగింది. "ఇంకా రాలేదేంటి? వంటెప్పుడు చేస్తావు?"

"మా హెడ్మాస్టరు నంబరు మీ దగ్గరుందిగా" అన్నాను, పల్లవి చేసిన లెక్క దిద్దుతూ. "ఆయన్నే అడగండి."