చీటీ మీద రాత

వంటక్క బఠాణీల సంచీని చేత్తో నలిపి చూసింది. ఇటుకలా గట్టిగా ఉంది. ఆమె నిల్వచేసే బఠాణీలు అలా ఉండవు. మరిగే నీళ్లలో కాసేపు ముంచి, చన్నీళ్లలో వేసి, పాత దుప్పటి ముక్క మీద తడి లేకుండా ఆరబెట్టి, పళ్లెంలో విడివిడిగా పరిచి గడ్డకట్టించాకే సంచీలో పోస్తుంది. ఊపితే గోలీల్లా గలగలమనాలి. ఇది ఊపినా చప్పుడు లేదు.

చీటీ చూసింది. ‘బఠాణీలు, 14’ అని ఉంది. రాత తనదే. ఐదో తరగతితో ఆగిపోయిన చదువు కనక అక్షరాలు పెద్దవిగా, కాస్త కుడికి ఒరిగి ఉంటాయి. ‘ఠ’ మధ్యలో చుక్కకు బదులు చిన్న గీత పెట్టడం ఆమెకు అలవాటు. ఆ గీత కూడా ఉంది. కానీ పద్నాలుగో తేదీ ఆదివారం. ఆదివారాలు ఆమె ఈ ఇంటికి రాదు.

ఫ్రీజర్ తలుపు తెరిచే ఉందని చేతివేళ్లు జివ్వుమన్నాక గాని గుర్తు రాలేదు. మూసి, స్టూలు మీద కూర్చుంది.

ఈ ఇంట్లో ఆమె పని సోమ, బుధ, శుక్రవారాలు. ఇల్లాలు ఆసుపత్రిలో నర్సు. భర్త ఉద్యోగం వేరే ఊళ్లో, నెలకోసారి వస్తాడు. నర్సు డ్యూటీ ఒక్కోవారం ఒక్కోలా ఉంటుంది కాబట్టి వంటక్క వచ్చిన రోజునే మిగతా రోజులకూ వండి ఫ్రీజర్ నింపి వెళ్తుంది. సాయంత్రం నర్సు తండ్రి ఒక పొట్లం తీసి వేడిచేస్తే, ఆయనకూ ఆరేళ్ల మనవరాలికీ సరిపోతుంది.

ఆ పని ఆమెకు కొట్టినపిండి. ఇరవై రెండేళ్లు ఒక హాస్టల్ వంటింట్లో చేసింది. తన భర్త చనిపోయిన ఏడాది కూరగాయలు తరగడానికని చేరితే, అక్కడి పెద్ద వంటామె ఆమెను చేరదీసింది. ఫ్రీజర్‌లో వేడి కూర పెట్టబోతే చేతి మీద గరిటెతో ఒకటి వేసేది. “నువ్వు పెట్టే సెగకి పక్కవన్నీ కరిగి చస్తాయే” అనేది. పులుసైతే డబ్బా అంచుకు రెండు వేళ్లు ఖాళీ ఉంచాలి, గడ్డకడితే ఉబ్బుతుంది. సంచీలో గాలి మిగలకూడదు. పాతవి ముందుకి, కొత్తవి వెనక్కి. బయట పెట్టి కరిగించినదాన్ని మళ్లీ లోపల పెట్టకూడదు. ఈ చివరి మాట చెప్పేటప్పుడు మాత్రం పెద్దామె నవ్వేది కాదు.

వంటక్క లేచి మళ్లీ తలుపు తీసింది. ఈసారి ఒక్కొక్కటే బయటికి తీసి చూసింది. కోడిమాంసం పొట్లం అడుగున లేత ఎర్రటి మంచు పేరుకుంది. బీన్స్ ముక్కలు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. కరిగి మళ్లీ గడ్డకట్టినవే. చీటీలన్నీ తన రాతే. వాటిలో మూడు తను రాని రోజులవి.

వంటక్క తల్లికీ ఈ వయసులోనే మతిమరుపు మొదలైంది. ముందు పాలు మాడబెట్టడం, తర్వాత బియ్యం డబ్బాలో దువ్వెన. చివరికి కూతురు అన్నం తినిపిస్తుంటే “మీ వాళ్లెవరూ లేరామ్మా, పొద్దస్తమానం ఇక్కడే ఉంటావు” అని జాలిపడేది. ఆ మాట వంటక్కకు గుర్తొచ్చింది. కత్తి పట్టుకుని, బీన్స్ తరుగుతూ, లోలోపల ఎనిమిదో ఎక్కం చదువుకుంది. ఎనిమిదేడులు యాభై ఆరు. సరే. పోయిన సోమవారం ఏం చీర కట్టుకుంది? తట్టలేదు. ఎవరికైనా తడుతుందా అది? ఏమో, తట్టాలేమో.

నర్సు తండ్రి, ఆ పెద్దాయన, మంచినీళ్ల కోసం వంటింట్లోకి వచ్చాడు. నలభై ఏళ్లు దుకాణాలకు బోర్డులు రాసిన మనిషి. ఇప్పటికీ చొక్కా జేబులో పెన్ను లేకుండా కనిపించడు.

“బాబాయిగారూ, మొన్న ఆదివారం నేనొచ్చానా?”

ఆయన గ్లాసు సగంలో దించాడు. ఆమె ముఖంలోకి కాకుండా చేతిలోని కత్తివైపు చూశాడు.

“ఆదివారమా? వచ్చినట్టే ఉన్నావమ్మాయ్.”

ఆయన వెళ్లిపోయాక ఆమె స్టవ్ ఆపిందో లేదో రెండుసార్లు చూసుకుంది. అసలు వెలిగించనే లేదు.

రెండు గంటలకు నర్సు వచ్చింది. స్నానం చేసి, తండ్రితో పాటు భోజనానికి కూర్చుంది. వంటక్క వడ్డించి, చేతులు తుడుచుకుని, గోడ పక్కన నిలబడింది.

“అమ్మా, నెలాఖరుకి ఇంకొకర్ని చూసుకోండి.”

“అదేంటక్కా? ఎవరైనా ఏమన్నా అన్నారా?”

“ఎవరూ ఏమీ అన్లేదమ్మా. నా బుర్ర నాకే అందట్లేదు. కరిగినవన్నీ మళ్లీ లోపల పెట్టేస్తున్నాను. ఎప్పుడు పెట్టానో తెలీదు. వచ్చిన రోజు గుర్తుండట్లేదు.” ఆగి, కొంగు వేలికి చుట్టుకుంది. “పోయిన వారం పాపకి వాంతులైంది నా చేతి తిండికే అయ్యుంటుంది.”

నర్సు ఏదో అనబోయింది. పెద్దాయన కంచంలో చెయ్యి కడిగేసుకున్నాడు. అన్నం సగం అలాగే ఉంది.

“అమ్మాయి ఆదివారం రాలేదు. పొద్దున అబద్ధం చెప్పాను.”

ఇద్దరూ ఆయనవైపు తిరిగారు.

“పొట్లం తీస్తాను. గట్టు మీద పెడతాను. ఎందుకు తీశానో మర్చిపోయి పడుకుంటాను. లేచి చూస్తే నీరు కారుతూ ఉంటుంది. చీటీ తడిసి ఊడిపోతుంది. కొత్తది రాసి లోపల పెట్టేస్తాను.”

“అక్క రాతలోనా?” అంది నర్సు.

“ఒకరి రాత పట్టుకోవడం నాకెంతసేపు.” ఆ మాటలో చిటికెడు గర్వం తొంగిచూసింది, వెంటనే చల్లారిపోయింది. “నీకు తెలిస్తే అన్నయ్య దగ్గరికి పంపేస్తావని దాచాను. ఆ మూడో అంతస్తులో నాకు పొద్దుపోదే. పాపకి నావల్లే అని నాకప్పుడు తట్టలేదు. ఇప్పుడు అమ్మాయి చెబుతుంటే తట్టింది.”

నర్సు కుర్చీ ఆయన దగ్గరికి జరుపుకుంది. తర్వాత తండ్రి తడి చేతిని తన చేతిలోకి తీసుకుని, తువ్వాలుతో ఒక్కో వేలూ తుడిచింది.

మధ్యాహ్నమంతా ఆడవాళ్లిద్దరూ ఫ్రీజర్ ఖాళీ చేశారు. ఏది మంచిదో ఏది చెడ్డదో తెలియదు కాబట్టి అన్నీ పారేయాల్సిందే. తిండి పారేయడం వంటక్క జన్మలో ఎరగదు. ఒక్కో పొట్లాన్నీ పసిపిల్లను దించినట్టు చెత్తబుట్టలోకి దించింది.

వెళ్లబోతూ కిటికీ దగ్గరున్న పెద్దాయన ముందు ఆగింది. ఆయన మీద కోపం రావాలి కదా అనుకుంది. వెతికినా దొరకలేదు.

“బాబాయిగారూ, ఆ చీటీలన్నీ మీరే రాశారా?”

ఆయన నిజంగానే ఆలోచించాడు. నుదుటి మీద గీతలు పడ్డాయి.

“కొన్ని రాశానమ్మాయ్. అన్నీనా అంటే... గుర్తులేదు.”

దారిపొడుగునా ఆమె ఆ ‘కొన్ని’ దగ్గరే తిరుగుతూ ఉండిపోయింది.

శుక్రవారం ఆమె వచ్చేసరికి గుమ్మం ముందు కారు ఉంది. పెద్దాయన కొడుకు సామాను సర్దుతున్నాడు. నర్సు ఎర్రబడ్డ కళ్లతో మందుల పేర్లు, వేళలు అన్నకు చెబుతోంది. పోదామని పెద్దాయనే అన్నాడట. పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని ఏదో చెప్పాడు, ఏమిటో ఆ పిల్ల ఎవరికీ చెప్పలేదు. ఆయనకు కొత్త బూట్లు బిగువుగా ఉన్నట్టున్నాయి, చిన్న చిన్న అడుగులు వేస్తూ వంటింటి గుమ్మం దాకా వచ్చాడు.

“వస్తానమ్మాయ్.”

“వేళకి తినండి బాబాయిగారూ.”

కారు చప్పుడు వీధి మలుపు తిరిగాక వంటక్క ఉడికించి చల్లార్చిన బీన్స్ సంచీలో పోసి, గాలి తీసి, చదును చేసింది. చీటీ రాసి, కాసేపు దానికేసి చూసింది. తను ఇప్పుడే రాసిందని చేతిలోని పెన్ను చెబుతోంది. అతికించి తలుపు వేసింది.

చెత్తబుట్ట బయట పెట్టడానికి పెరటి గుమ్మం తీస్తే మెట్టు మీద ఆయన పాత చెప్పులు ఉన్నాయి. మడమలు అరిగి, ఎడమదాని తెగిన పట్టీకి నీలం కరెంటు తీగ ముడివేసి, ఇప్పుడే ఎవరో విడిచి లోపలికి వచ్చినట్టు, వంటింటివైపు తిరిగి.