పిన్నికి చదివి పెట్టిన పేపరు

ఆరేళ్లుగా ప్రతి ఆదివారం మధ్యాహ్నం మా పిన్నికి పేపరు చదివి పెడుతున్నాను. కళ్లలో శుక్లాలు ముదిరి అక్షరాలు అలుక్కుపోతున్నాయంటే నేనే మొదలుపెట్టాను. నాకు కుట్టుపని నేర్పింది ఆవిడే. ఇవాళ నాలుగు మెతుకులు తింటున్నానంటే ఆవిడ చలవే. అందుకని రెండు బస్సులు మారి మరీ వెళ్లేదాన్ని. ఒక పెద్ద షాపువాళ్లు ఆదివారాలు కటింగ్ క్లాసు చెప్పమని రెండుసార్లు అడిగితే, "మా పిన్నికి నేను చదవకపోతే తోచదండీ" అని కాదన్నాను. చెప్పొద్దూ, అలా అనడం నాకు గొప్పగానే ఉండేది.

మొన్న ఆదివారం సంపాదకీయం సగంలో ఉండగా పిన్ని జాకెట్టు చేతి అంచు మీద చూపు పడింది. కొత్తగా చేసిన హెమ్మింగ్. ఆపేచోట రెండు కుట్లు వెనక్కి వేసి, ముడి లోపలికి దాచడం పిన్ని అలవాటు. నాకు చేతి మీద కొట్టి మరీ నేర్పింది. ఇదీ అచ్చం అలాగే ఉంది.

"పిన్నీ, ఇది ఎవరు కుట్టారు?"

"ఎవరో ఒకరు. నువ్వు చదువు."

"నల్ల గుడ్డ మీద నల్ల దారం. నాకే లైటు కావాలి. నిజం చెప్పు."

పిన్ని ఆ చెయ్యి కొంగు కింద దాచుకుంది. "కళ్ల ఆపరేషనై నాలుగేళ్లయిందే. నువ్వు జ్వరమొచ్చి మూడు వారాలు రాలేదు చూడు, అప్పుడే చేయించుకున్నా."

"మరి చెప్పలేదేం?"

"నీకు మాత్రం ఎవరున్నారే? ఆదివారమొస్తే ఎక్కడికి పోతావు? వద్దంటే చిన్నబుచ్చుకుంటావని ఊరుకున్నా. పొద్దున్నే చదివేసిన పేపరే నీ నోట మళ్లీ వినేదాన్ని, నిద్రాపుకుని."

నేను సేవ చేస్తున్నాననుకుంటుంటే, ఆవిడ నా మీద జాలిపడుతూ కూర్చుందన్నమాట! ఏ ఒక్కరోజైనా "ఇక చాల్లేవే" అని ఉంటే, ఈపాటికి నా దగ్గర పాతికమంది కటింగ్ నేర్చుకుని ఉండేవాళ్లు. నన్ను పెంచినంత పని చేసిన మనిషే నన్నిలా మోసం చేసింది.

పేపరు మడిచి పక్కన పడేశాను. "వచ్చే వారం నుంచి రాను పిన్నీ." బతిమాలుతుందనుకున్నాను. కనీసం కళ్లనీళ్లు పెట్టుకుంటుందనుకున్నాను.

"హమ్మయ్య" అంది పిన్ని. వెంటనే నాలిక్కరుచుకుంది. "అంటే... కాసేపు నడుం వాలుస్తానే. ఆదివారం మధ్యాహ్నం పడుకుని ఎన్నేళ్లయిందో."

నేను చెప్పులు వేసుకునేలోపే గురక మొదలైంది.