పట్టికలో మిగిలిపోయిన మూడు పేర్లు

ఒక్క నిమిషం ఆగండి, ఇది విని వెళ్ళండి! మా కంటి ఆసుపత్రిలో ఆపరేషన్ల తేదీ మారింది. ఆ సంగతి అందరికీ మెసేజ్ పంపే ప్రోగ్రామ్ అక్క రాసింది. సొంత అక్క కాదు, నాకు కోడింగ్ నేర్పిన సీనియర్. అయితే ముగ్గురికి మెసేజ్ వెళ్ళలేదు, పాపం పాత తేదీకే పరగడుపున వచ్చి కూర్చున్నారు. కంప్యూటర్‌లో పేర్లు ఎక్కించలేదని రిసెప్షన్‌లో కూర్చునే పిన్నిని డాక్టరుగారు అందరి ముందూ కడిగేశారు.

నేను చూస్తే ఆ మూడు పేర్లూ హ్యాష్ టేబుల్‌లోనే, అంటే ప్రోగ్రామ్ పేర్లను గడుల్లో దాచుకునే పట్టికలోనే ఉన్నాయి! పిన్ని ఎక్కించింది. ప్రోగ్రామే గడి తర్వాత గడి చూసుకుంటూ, మెసేజ్ పంపిన పేరును అక్కడికక్కడే తీసేస్తోంది. తీయగానే ఒక్కోసారి తర్వాతి పేరు ఆ ఖాళీలోకి జరుగుతుంది. ఆ గడి చూసేశాననుకుని ప్రోగ్రామ్ ముందుకెళ్ళిపోతుంది. అందరికీ పంపాక ఒకేసారి తీయాల్సింది.

"అయ్యో, గడులు చూస్తూ చూస్తూనే తీసేశానా! అలా చేయొద్దని నీకు చెప్పింది నేనే కదే," అని అక్క తల పట్టుకుంది. "రేపు నా ఉద్యోగం పర్మనెంట్ చేస్తారే. ఒక్క రోజు నోరు మెదపకు, ఎల్లుండి నేనే చెప్తా."

కిందికి వస్తే పిన్ని సంజాయిషీ రాస్తోంది.

"ఎక్కించాననే అనుకున్నానమ్మా. మతిమరుపొచ్చేసిందేమో. సాయంత్రంలోగా ఇవ్వాలట, తప్పుల్లేకుండా ఉందా చూడు," అని కాగితం నా చేతిలో పెట్టింది.

మీరైతే ఏం చేస్తారు?