మాటలు తూచే తరాజు

శుక్రవారం ప్రార్థన అవగానే మూడో తరగతి పిల్లలు బెంచీలు గోడకు జరిపి, కిటికీ ఊచకు తరాజు వేలాడదీశారు. బట్టలు తగిలించే హ్యాంగరు, పురికొస, రెండు కొబ్బరి చిప్పలు. సైన్సు పాఠంలో వాళ్లే చేసుకున్నది. ఒక చిప్పలోకి వంగి మాట్లాడాలి, రెండో చిప్పలో చింతగింజలు వేసి ఆ మాటను తూచాలి. మనసులోంచి వచ్చిన మాట తూగుతుంది, ఉత్తమాట తూగదు. పటాన్‌చెరు దగ్గర భానూర్ దాటాక ఉన్న ఆ చిన్న బడిలో ఇది ఎవరికీ వింత కాదు. మాట్లాడే పాఠమూ సైన్సు పాఠమూ ఒక్క గంటలో అయిపోతున్నాయని సునంద టీచరుకు సంబరం, అంతే.

ముందు రాకీ వంగాడు. "నేను పొద్దుగాల పండ్లు తోముకున్న."

చిప్ప కదల్లేదు. వాడు ఎవరూ చెప్పకముందే నల్లా దగ్గరికి నడిచాడు.

తర్వాత బ్యూలా. "మా అమ్మ కంపెనీల దినమంత నిలవడే ఉంటది. ఇంటికొచ్చినంక నేను కాళ్లు ఒత్తుత."

గుప్పెడు గింజలు పట్టాయి. పిల్లలు చప్పట్లు కొట్టి, చిప్ప బోర్లించి మాటను కింద పోశారు.

సునందకు ఆ పూట ఏదీ చెవికెక్కడం లేదు. మూడేళ్లుగా ఎదురుచూసిన బదిలీ ఆర్డరు పొద్దున్నే ఫోనులోకి వచ్చింది. కరీంనగర్‌లో భర్త సందీప్ మొబైల్ రిపేరు దుకాణం, ఇక్కడ ఆమె కిరాయి గది. పెళ్లయిన దగ్గర్నుంచి కాపురమంతా ఆదివారాలే. సాయంత్రం రిలీవ్ కావాలి. పిల్లలకు ఆ ముక్క చెప్పడానికి నోరు రావడం లేదు.

"టీచర్, ఇగ మీ వంతు," అంది నిషిత. ఆఖరి వంతు టీచరుది. అది పిల్లలు పెట్టిన రూలు.

సునందకు ఒక ఉపాయం తట్టింది. పిరికి ఉపాయమే. అబద్ధం చెప్తే చిప్ప కదలదు, సంగతి పిల్లలకు దానంతటదే తెలిసిపోతుంది. వంగి మెల్లగా అంది.

"నేను ఈ బడి ఇడిసిపెట్టి పోను."

చిప్ప దబ్బున కిందికి పోయింది. హ్యాంగరు నిలువుగా ఒరిగిపోయింది. పిల్లలు రెండో చిప్పలో డబ్బాడు గింజలు పోశారు, డస్టరు పెట్టారు, వెంకట సాయి తన పలక కూడా పెట్టాడు. మాట లేవలేదు.

అబద్ధమనుకునే సునంద ఆ మాట ఆడింది.

"మస్తు బరువుంది టీచర్," అని నిషిత కింద పడ్డ గింజలు ఏరుకోసాగింది.

అన్నం గంటకు గది ఖాళీ అయ్యాక, సునంద తన మాటను మొదటి చిప్పలోనే ఉంచి, రెండో చిప్పను వట్టిది చేసి అందులోకి వంగింది. "రేపు కరీంనగర్ పోతున్న." హ్యాంగరు మీద ఈగ వాలినంత కదలిక కూడా లేదు. ఆమె సందీప్‌కు ఫోను చేసింది.

"ఆర్డరొచ్చింది. కానీ నేను రాలేనేమో. తరాజు చెప్పింది."

అటువైపు నుంచి సందీప్ అడిగాడు.

"ఎంత తూగింది?"

"పురికొస తెగేటంత."

కాపురం చేజేతులా పోగొట్టుకున్నానని ఆమెకు భయమేసింది.

"ఫోను రెండో చిప్ప కాడ వట్టు," అన్నాడు సందీప్.

పట్టుకుంది.

"దుకాణం పటాన్‌చెరుల పెట్టుకుంట. నేనే వస్త."

ఖాళీ చిప్ప నెమ్మదిగా కిందికి దిగి, ఆమె మాట ఉన్న చిప్పకు సమానంగా నిలబడింది.